బుడ్డమ్మకు నీళ్లు లేని పగలు

2003 ఏప్రిల్

ఆ రోజు పొద్దున బోనుకు తగిలించిన నీళ్ల సీసా తీసి గూట్లో పెట్టి, తలుపు గడియ వేసుకుని అంగడికి వెళ్లిపోయాను. నేను చేసిన తప్పు అది. కోపంతో తీయలేదు, మతిమరుపుతోనూ కాదు. ఆలోచించి, మంచిపనే చేస్తున్నాననుకుని తీశాను. అందుకే ఇన్నేళ్ల తర్వాత కూడా చెప్పుకోవడం కష్టంగా ఉంది.

మాది ఉరవకొండ. బళ్లారి రోడ్డు పక్కన నాకు మోటారు వైండింగ్ అంగడి ఉంది. బోర్లలో నీళ్లు అడుగంటితే మోటార్లు కాలిపోతాయి. వాటిని విప్పి, రాగి తీగ మళ్లీ చుట్టి ఇవ్వడం నా పని. కరువు ఎంత ముదిరితే నా అంగట్లో అంత రద్దీ.

నా భార్య పేరు నాగరత్న. మాకు పిల్లలు లేరు. బెంగుళూరులో ఉండే ఆమె చెల్లెలు ఇల్లు మారేటప్పుడు, తాను పెంచుకుంటున్న రెండు గినీ పిగ్గులను మాకిచ్చింది. పిల్లికూనంత ఉంటాయి. తోక ఉండదు. చెవులు పూరేకుల్లా వాలి ఉంటాయి. ఒకటి వేరుశనగ గింజ పొట్టు రంగులో ఉండేది. మా వైపు వేరుశనగను బుడ్డలంటాం కాబట్టి నాగరత్న దాన్ని బుడ్డమ్మ అంది. కొర్రల రంగులో ఉన్నది కొర్రమ్మ అయింది. రెండూ ఆడవే.

వీధిలో వాళ్లు వాటికి సీమెలుకలని పేరు పెట్టారు. "పిల్లోళ్లు లేకపోతే యాడన్నా ఎలుకల్ని సాకుతారా?" అని ఒకామె నాగరత్నకు వినపడేటట్టే అంది. నాగరత్న పట్టించుకోలేదు. నాకే సిగ్గనిపించింది. ఎవరైనా ఇంటికొస్తే బోనును మెల్లగా వంటింట్లోకి జరిపేవాణ్ణి.

వాటికి గడ్డి ముఖ్యమని మరదలు చెప్పి పంపింది. ఆ ఏడు గడ్డి ఎక్కడుంది? వరుసగా వానలు పోయాయి. గట్ల మీద కూడా మట్టి తప్ప ఏమీ లేదు. నేను మా ఊరికి, అన్న దగ్గరికి పోయి కట్టె అడిగాను. కాయలు తెంపుకున్నాక మిగిలే ఎండు వేరుశనగ చెట్టును మేం కట్టె అంటాం. మా సీమలో పశువుకు అంతకు మించిన మేత లేదు.

"ఎద్దులకే అరకడుపు పెడతాండా. నీ ఎలుకలకు శెనక్కట్టె కావల్నా?" అన్నాడు అన్న.

"ఎంత తింటాయిన్నా అవి. పిడికెడు."

"పిడికెడైనా అది ఎద్దు నోటి కాడిదే కదరా," అని గొణుగుతూనే, వామిలో చెయ్యి దూర్చి, ఆకు రాలని కట్టె ఏరి మోపు కట్టి ఇచ్చాడు.

కట్టె తిన్న ఎద్దు ఒళ్లు నిగనిగలాడుతుంది. నా బుడ్డమ్మ, కొర్రమ్మ కూడా అలాగే నిగనిగలాడుతాయని నాకు గర్వం. నాగరత్న సంతలో తోటకూర, పాలకూర కొనుక్కొచ్చి కాడ కాడ చేత్తో పట్టుకుని తినిపించేది. సంచి చప్పుడైతే చాలు, రెండూ ఈల వేసినట్టు అరిచేవి. ఆ కేకలు వింటూ ఇద్దరం నవ్వుకునేవాళ్లం. వాటి కడుపులో ఏం పోగవుతోందో మాకు తెలియదు.

ఏప్రిల్‌లో కుందుర్పిలో నాగరత్న తల్లి, మా అత్త, జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. నాగరత్న బయలుదేరింది. బస్సెక్కే ముందు కూడా ఒకటే మాట.

"సీసా ఖాళీ కానీయొద్దు. అవి ఆకుకైతే అరుస్తాయి గానీ నీళ్లకు అరవవు. మనమే చూడల్ల."

"నాకు తెలీదా మే. పో."

రెండు మూడు రోజులు బాగానే చూసుకున్నాను. ఒక పొద్దున బోనులో పరిచిన గోనె తడిసి ముద్దగా ఉంది. వాసన కొట్టింది. ఎండేసి వేరేది పరిచాను. మరుసటి పొద్దున అదీ తడిసింది. బుడ్డమ్మ పొట్ట కింద వెంట్రుకలు కూడా తడిగా అంటుకుని ఉన్నాయి. సీసా మూతితో ఆడుకుంటూ నీళ్లు కారబోస్తోందనుకున్నాను.

నేను నీళ్ల విలువ దెబ్బలు తిని నేర్చుకున్నవాణ్ణి. ముఖం కడిగిన నీళ్లు చెట్టు మొదట్లో కాకుండా ఊరికే పారబోస్తే మా నాయన చెయ్యి వీపు మీద పడేది. ఆ వేసవిలో మా వీధికి ట్యాంకరు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. బిందెలు వరుసలో పెట్టి ఎండలో కాపలా కాసేవాళ్లం. అటువంటి నీళ్లు గోనెపాలవుతుంటే నాకు పట్టలేకపోయింది. సాయంత్రం దాకా తాగకపోతే చస్తుందా అనుకున్నాను. అక్షరాలా అదే మాట. సీసా తీశాను.

చీకటి పడే వేళకు తిరిగొచ్చాను. కొర్రమ్మ బోను తీగను నాకుతోంది, సరిగ్గా సీసా మూతి ఉండాల్సిన చోట. నేను సీసా తగిలించగానే ఊపిరి తీసుకోకుండా తాగింది. బుడ్డమ్మ రాలేదు. మూలన ముడుచుకుని, వెంట్రుకలు నిక్కబొడుచుకుని, కళ్లు సగం మూసుకుని ఉంది.

అప్పుడు గోనె చూశాను. పగలంతా సీసా లేకపోయినా బుడ్డమ్మ కూర్చున్న చోట తడిగానే ఉంది. ఆ తడి అంచున లేత ఎరుపు. అది సీసా నీళ్లు కాదు, మూత్రం. చుక్క చుక్కగా, ఆగకుండా, దాని వశంలో లేకుండా పోతోంది. అట్లాంటి రోజున నేను దానికి నీళ్లు లేకుండా చేశాను.

వేలితో నీళ్లు దాని మూతికి రాశాను. కొంచెం నాకింది. గోనె ఉతికి ఆరేశాను. మరుసటి పొద్దున అంగడికి నాగరత్న ఫోన్ చేసింది.

"అవి ఎట్లుండాయి?"

"బాగుండాయిలే."

"సీసా?"

"నిండుగా ఉండాది."

ఆ నిమిషానికి అది నిజమే.

మే

నాగరత్న తిరిగొచ్చి చెప్పులు విడవకముందే బోను దగ్గర కూర్చుంది. బుడ్డమ్మను ఒళ్లోకి తీసుకుంది. కాసేపటికి అది వీపు విల్లులా వంచి సన్నగా మూలిగింది. చీర మీద చిన్న ఎర్రటి మరక పడింది.

"ఎన్నాళ్లనుంచి ఇట్లుండాది ఇది?"

"నిన్నట్నుంచేలే. వేడి చేసింటాది."

మా ఇళ్లల్లో మూత్రం మంటకు అందరం చెప్పుకునే మాట అదే. బార్లీ నీళ్లు కాచి, చల్లార్చి, చుక్కలుగా పోశాం. రెండు రోజులు పోశాం. తగ్గలేదు. కట్టె కూడా ముట్టడం మానేసింది.

పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. రేకుల షెడ్డు కింద జనం, పశువులు. ఎముకలు లెక్కబెట్టేటట్టున్న ఎద్దులు. లేవలేని ఆవును బండి మీద తెచ్చిన ముసలాయన ఒకాయన మా బుట్టలోకి తొంగి చూశాడు.

"ఏమప్పా, పందికొక్కుకు సూది ఏపిస్తావా?"

పక్కనున్న వాళ్లు నవ్వారు. నేను తల వంచుకున్నాను. నాగరత్న వంచుకోలేదు.

"ఉచ్చ పోస్తే ఏడుస్తాంది తాతా. రగతం పడతాంది," అంది.

ముసలాయన నవ్వు ఆగిపోయింది. తన వరుస చీటీ తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నా ఆవు యాడికి పోతాదిలేమ్మా. నువ్వు ముందు పో," అన్నాడు. ఆ ఆవు బతికిందో లేదో మేం తిరిగి అడగలేదు. అదొకటి నాకిప్పటికీ గుర్తొస్తుంది.

లోపల డాక్టరు బుడ్డమ్మను జాగ్రత్తగా పట్టుకుని పొట్ట తడిమాడు. తర్వాత చేతులు తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"నేను ఎద్దులకు, గొర్రెలకు చేసేవాణ్ణి. దీనికి ఏ మందు పడుతుందో నాకు తెలీదప్పా. తెలీకుండా సూదేస్తే చచ్చిపోవచ్చు. బెంగుళూరుకు తీసుకుపో. ఆలస్యం చెయ్యొద్దు."

తెలియదని అంత తేటగా చెప్పినవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు. నాకు తెలిసింది కూడా నేను చెప్పకుండా దాస్తున్నాను.

మరుసటి రోజు కొర్రమ్మకు సీసా నింపి, మేత పెట్టి, పొద్దున్నే బస్సెక్కాం. అనంతపురంలో బస్సు మారాం. సీట్లు లేక నాగరత్న బుట్టతో డ్రైవరు పక్కన ఇంజను మూత మీద కూర్చుంది. కండక్టరు బుట్ట దగ్గర ఆగాడు.

"కోడైతే టికెట్టు కొట్టల్ల."

"కోడి కాదన్నా. గినీ పిగ్గు," అన్నాను.

"పిగ్గంటే పంది కదప్పా? ఇంతేనా?" అని వంగి చూశాడు. తర్వాత ముందు సీట్లో ఉన్న కుర్రవాణ్ణి లేపి, "ఇంజను మీద కూచుంటే కాలిపోతాదమ్మా. ఈడ కిటికీ కాడికి రా," అని నాగరత్నకు చోటిచ్చాడు. టికెట్టు కొట్టలేదు. దారి పొడవునా నాగరత్న తడిగుడ్డ బుట్ట మీద కప్పుతూ, ఆరిపోతే మళ్లీ తడుపుతూ కూర్చుంది. నేను సీసా పట్టుకుని కూర్చున్నాను.

బెంగుళూరు ఆసుపత్రి వరండాలో నున్నటి కుక్కలు, పంజరంలో ఒక చిలుక. మేమే దుమ్ము కొట్టుకుని ఉన్నాం. గుడ్డిదైపోయిన ముసలి కుక్కను ఒళ్లో పెట్టుకున్న ఒక పెద్దామె నాగరత్న వైపు తిరిగి "ఊటా ఆయ్తా?" అని అడిగింది. అన్నం తిన్నారా అని. తినలేదని ముఖం చూస్తేనే తెలుస్తుంది. తన డబ్బాలోని పెరుగన్నం మూతలో సగం పెట్టి ఇచ్చింది. నాగరత్న తిన్నది ఆ రోజుకు అంతే.

డాక్టరమ్మ తెలుగు తెలిసినావిడే, కొంచెం కన్నడ యాసతో మాట్లాడింది. ఎక్స్‌రే తీయించి వెలుతురుకు పట్టి చూపించింది. మసక మసకగా ఉన్న చిన్న దేహం నడుమ తెల్లటి గుండ్రటి మచ్చ.

"మూత్రాశయంలో రాయి. ఏం పెడుతున్నారు మీరు?"

నాగరత్న అంతా చెప్పింది. కట్టె గురించి విన్నప్పుడు డాక్టరమ్మ తల ఊపింది. వేరుశనగ కట్టెలో సున్నం, అంటే కాల్షియం, ఎక్కువని చెప్పింది. ఎద్దుకు అది బలమే. కానీ ఈ ప్రాణుల ఒళ్లు తిన్న సున్నాన్నంతా మూత్రంలోంచే బయటకు తోస్తుందట. రోజూ అదే మేత, పైన పాలకూర, తోటకూర. మామూలు పచ్చిగడ్డి, ఎండుగడ్డి తిని, ధారాళంగా నీళ్లు తాగితే కొట్టుకుపోయేది లోపలే పేరుకుపోయింది.

"నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండేవా?" అని అడిగింది.

"ఉండేవి మేడం. మేం తాగకపోయినా వాటికి మాత్రం సీసా నిండుగానే పెడతాం," అంది నాగరత్న.

నేను ఆమె పక్కనే కూర్చుని ఉన్నాను. డాక్టరమ్మ నా వైపు కూడా చూసింది. నేను గోడ మీదున్న కుక్కల బొమ్మ చూశాను.

ఆపరేషన్ చేశారు. ఇంత చిన్న ప్రాణికి మత్తే ప్రమాదమని ముందే చెప్పారు. వరండాలో కూర్చున్నంతసేపూ నాగరత్న బుట్టలోని గుడ్డను మడత పెట్టింది, విప్పింది, మళ్లీ మడత పెట్టింది. చివరికి డాక్టరమ్మ బయటికొచ్చి, బతికిందని చెప్పి, దూది మీద ఆ రాయి పెట్టి చూపించింది. బుడ్డ గింజంత ఉంది. తెల్లగా, గరుకుగా.

నాకది కొత్త వస్తువు కాదు. బోరులోంచి పైకి తీసిన ప్రతి మోటారుకూ, ప్రతి పైపుకూ మా నీళ్ల సున్నం అట్లాగే గడ్డకట్టి ఉంటుంది. నేను దాన్ని రోజూ ఉలితో కొట్టి రాలుస్తాను. నీళ్లు నిలిచిన చోటే పొర మందంగా పడుతుందని నా దగ్గరికొచ్చే రైతులకు నేనే చెబుతుంటాను. ఇనుముకు జరిగేది ఒంట్లో కూడా జరుగుతుందని ఒక్కసారి తోచలేదు నాకు.

తిరుగు బస్సులో నాగరత్న ఏడ్చింది.

"నా చేత్తోనే పెట్టినా కదా ఆ తోటకూర. కాడ కాడ తినిపిస్తి. నేనే దాని కడుపులో రాయి పెట్టినట్టయింది."

"నువ్వేం చేస్తావు మే. మనకు తెల్సా?" అన్నాను.

ఓదార్పు మాటలాగే ఉంది. కానీ నా వంతు బరువు కూడా ఆమె భుజం మీద పెట్టి, ఆ భుజాన్నే తట్టాను నేను.

బుడ్డమ్మ ఇంటికొచ్చింది గానీ తినలేదు. మేతను నూరి, నీళ్లలో కలిపి, సూది లేని సిరంజితో పెట్టమన్నారు. నాగరత్న పెట్టింది. సగం మూతి పక్కనుంచి కారిపోయేది. కొర్రమ్మ దాని పక్కకొచ్చి ఒరిగి పడుకునేది. నాలుగైదు రోజులు అట్లా గడిచాయి. ఒక మధ్యాహ్నం నేను అన్నానికి వచ్చేసరికి నాగరత్న గడప దగ్గర కూర్చుని ఉంది. ఒళ్లో గుడ్డ కప్పి ఉంది.

"పోయింది," అంది.

మాకు పెరడు లేదు. ఊరి చుట్టూ నేల రాయిలా ఎండిపోయింది. పార దిగే చోటు ఒకటే ఉంది. అంగడి వెనక, బాగుచేసిన మోటారును నీళ్లలో ముంచి నడిపి చూసే తొట్టి పక్కన. తొట్టి నీళ్లు పొర్లి అక్కడ మట్టి ఎప్పుడూ కొంచెం తడి పదునుగా ఉంటుంది. అక్కడే తవ్వాను. నాగరత్న గుడ్డతో సహా దాన్ని లోపల పెట్టింది.

నేను మట్టి తోయలేకపోయాను. పార పట్టుకునే చెప్పాను.

"నువ్వు కుందుర్పికి పోయినప్పుడు ఒక పగలంతా సీసా తీసి గూట్లో పెట్టినా. గోనె తడుస్తాందని. నీళ్లు కారబోస్తాందనుకుంటి."

ఆమె గుంతలోని గుడ్డను సర్దుతూనే అడిగింది.

"కొర్రమ్మక్కూడా?"

"రెండింటికీ ఒకటే సీసా కదా."

"డాక్టరమ్మ అడిగినప్పుడు నిండుగా ఉండేదని నేను చెప్తి. నువ్వు పక్కనే కూచోనుండావు."

"ఊ."

"బస్సులో నేను ఏడ్చినప్పుడూ నీకు తెల్సు."

"ఊ."

ఆమె పార అడగలేదు. చేతులతోనే మట్టి తోసింది. మరుసటి పొద్దున సంచి సర్దుకుంది. బోను, సీసా కూడా తీసుకుంది.

"ఆడ కూడా నీళ్లు కష్టమే కదా," అన్నాను.

"కష్టమే. కానీ మా అమ్మ తాను తాగేది మాని దానికి పోస్తాది," అంది.

ఆ తర్వాత

ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నప్పుడు మొదట చేసిన పని బెంగుళూరు డాక్టరమ్మకు ఫోన్ చెయ్యడం. జరిగింది చెప్పాను. నా వల్లే చచ్చిపోయిందా అని అడిగాను. కాదంటుందేమోనని ఆశపడ్డాను.

"ఒక్క పగలులో రాయి పుట్టదు," అందామె. "అది నెలల నుంచి పెరిగింది. కానీ నొప్పితో ఉన్న ప్రాణికి ఆ రోజు నీళ్లు లేకుండా చేశారు. అది వేరే విషయం. నేను అడిగిన రోజే చెప్పుంటే బాగుండేది." తర్వాత, రెండోదానికి గరిక పెట్టమంది. కొత్తిమీర కొంచెం, రోజూ కాదు. కట్టె అసలు వద్దంది. ఫోన్ పెట్టేసే ముందు, "ఇప్పటికైనా చెప్పారు," అంది. అది క్షమించడమో, మర్యాదో నాకు తెలియలేదు.

మిగిలిన కట్టె మోపు తీసుకుపోయి అన్న ఎద్దుల ముందు వేశాను. అన్న ఏమైందని అడిగితే దాచకుండా చెప్పాను.

"కట్టె తిని సచ్చేది కూడా ఉంటాదా?" అని ఆయన నమ్మలేనట్టు చూశాడు. తర్వాత, "నాగరత్న బాధపడిందా?" అని మెల్లగా అడిగాడు. "కుందుర్పికి పోయింది," అన్నాను.

అంగడి వెనక, బుడ్డమ్మను పెట్టిన చోటుకు కొంచెం ఎడంగా, మట్టి తిరగేసి గరిక వేళ్లు నాటాను. తొట్టి నీళ్లు వృథాగా పోకుండా అటు కాలువ తీశాను. నా స్నానం నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు బకెట్లో సైకిలు మీద తెచ్చి పోశాను. చూసినవాళ్లు నవ్వారు. "ఏమప్పా, బోర్లన్నీ ఎండిపోతాంటే గరిక సేద్యమా? సీమెలుక ఎట్ల సచ్చింది?" అని ఒకాయన అడిగాడు. చెప్పాను. మేత తప్పు ఇద్దరిదీ, నీళ్ల తప్పు నాదని చెప్పాను. మొదట నోరు రాలేదు. చెప్పగా చెప్పగా వచ్చింది.

గరిక చిగురేశాక కోసి, తడిగుడ్డలో చుట్టి కుందుర్పికి తీసుకెళ్లాను. వసారాలో చేతికి కట్టు కట్టుకున్న అత్త కూర్చుని ఉంది. నాగరత్న గడప దగ్గరికొచ్చి మూట అందుకుంది.

"యాడిది?"

"మన తొట్టి కాడిది. బుడ్డమ్మ ఉన్న తావులో కొయ్యలేదు."

మూట విప్పిన చప్పుడుకే లోపల కొర్రమ్మ ఈల వేసింది. నాగరత్న లోపలికి పోయింది. నన్ను రమ్మనలేదు. అత్త మాత్రం, "కూచోప్పా, ఎండన పడొస్తివి," అంది. కాసేపు కూర్చుని తిరిగి బస్సెక్కాను. వారం వారం వెళ్లాను. ఎన్నోసారో, నాగరత్న మజ్జిగ చెంబు తెచ్చి నా పక్కన పెట్టింది. మాట్లాడలేదు. తాగి, చెంబు కడిగి గడప మీద పెట్టి వచ్చాను.

ఆలస్యంగా ఒకటి రెండు వానలు పడ్డాక ఆమె తిరిగొచ్చింది. బోను ముందు గదిలో, గడపకెదురుగా పెట్టాను. ఎవరొచ్చినా జరపలేదు. సీసా మాత్రం చాలా నెలలు నన్ను ముట్టుకోనీయలేదు ఆమె. నేను నింపబోతే, "నేను చూసుకుంటాలే," అనేది. అందులో కోపం లేదు. నమ్మకమూ లేదు.

మరుసటి వేసవిలో అత్తకు మళ్లీ ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది. నాగరత్న సంచి సర్దుకుంది. బోను కూడా తీసుకుపోతుందని, మోయడానికి నేనే దాని దగ్గరికి వెళ్లాను. ఆమె సీసా తీసి, కడిగి, ఖాళీదే నా చేతికిచ్చింది.

"నువ్వే నింపు," అంది. వెనక్కి చూడకుండా బస్సుకు పోయింది.

ఆ పగలు నేను అంగడి తెరవలేదు. సీసా నింపి తగిలించి, బోను ముందు నేల మీద కూర్చున్నాను. కొర్రమ్మ గరిక తింటూ మధ్యమధ్య వచ్చి తాగింది. అది తాగిన ప్రతిసారీ సీసాలో ఒక చిన్న బుడగ పైకి లేచేది. సాయంత్రం దాకా చూస్తూ కూర్చున్నాను.